మళ్లీ దూకమన్నవాడు

వెంకటరామారావు గారు ఇరవై రెండేళ్లు పత్రికలకు ఫోటోలు తీశారు. కంటిచూపు మందగించాక ఖమ్మంలోని సొంత ఇంటికి చేరి, ఉన్న సామాను ఒక్కొక్కటే అమ్మేస్తూ వచ్చారు. 1988 ఆగస్టులో, చివరికి మిగిలిన నికాన్ కెమెరాను తువ్వాలులో చుట్టి తెచ్చి చెంచురామయ్య ఒళ్లో పెట్టారు.

"తీసుకుపో రామయ్యా. పదిహేను రోజులు వాడి చూడు. నచ్చితే ఉంచుకో, లేకపోతే తెచ్చి ఇచ్చెయ్. హైదరాబాదు నుంచి ఇద్దరు అడుగుతున్నారు. నీ మాట విన్నాకే వాళ్లకు చెబుతా."

కెమెరా అడుగున చిన్న మోటారు బిగించి ఉంది. మీట నొక్కి పట్టుకుంటే చాలు, ఫిల్ము దానంతటదే తిరుగుతూ సెకనుకు మూడు ఫోటోలు పడతాయి. దానికి తోడు జానెడు పొడవు లెన్సు. మైదానం అవతలి గట్టున నిలబడ్డ మనిషి మొహం కూడా చేతికందేలా కనపడుతుంది. చెంచురామయ్య దాన్ని బస్సులో సారపాక దాకా ఒళ్లోంచి దించలేదు.

కాగితం మిల్లు కడుతున్న రోజుల్లో అతను కందుకూరు నుంచి సారపాక వచ్చాడు. పనివాళ్ల గుర్తింపు కార్డులకు ఫోటోలు తీయడంతో మొదలుపెట్టి, మిల్లుకెళ్లే రోడ్డు మీద స్టూడియో పెట్టుకుని అక్కడే స్థిరపడ్డాడు. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫోటోలు, రిటైరయ్యేవాళ్ల సన్మానాలు, వీటితో ఇల్లు గడిచేది. కానీ అతని ప్రాణమంతా ఆటల ఫోటోల మీదే. ఎక్కడ కబడ్డీ పోటీ జరిగినా, ఎక్కడ స్కూలు పిల్లల పరుగు పందేలు జరిగినా తన ఖర్చుతో వెళ్లి తీసి, ఒక దినపత్రిక జిల్లా పేజీకి పంపేవాడు. నెలకు ఒకటో రెండో పడేవి. కింద సన్న అక్షరాల్లో అతని పేరుండేది.

పదేళ్లుగా అతని చేతిలో ఉన్నది ఒకటే కెమెరా. ఒకదాని మీద ఒకటి రెండు కటకాలుండే పాత పెట్టె. నడుము దగ్గర పట్టుకుని, తల వంచి పైనుంచి అద్దంలోకి చూడాలి. అద్దంలో బొమ్మ తారుమారుగా కనపడుతుంది. కుడినుంచి పరిగెత్తే పిల్ల ఎడమనుంచి వస్తున్నట్టు ఉంటుంది. ఒక ఫోటో తీశాక పక్కనున్న పిడి తిప్పితేగాని రెండోది పడదు. కూర్చున్నవాళ్లను తీయడానికి అంత మంచి కెమెరా లేదు. పరిగెత్తేవాళ్లతో మాత్రం ప్రతిసారీ పోటీ పడాల్సి వచ్చేది.

ఆ ఆదివారం మిల్లు కాలనీలో వాలీబాల్ మ్యాచ్ ఉంటే నికాన్‌ను మెడలో వేసుకుని వెళ్లాడు. ఒకతను వల దగ్గర పైకి లేచి బంతిని కొట్టబోతుంటే మీట నొక్కి పట్టాడు. చేతుల్లో కెమెరా చిన్న పక్షిలా కొట్టుకుంది. ఎగరడం, కొట్టడం, దిగడం, మూడూ పడ్డాయి. చెంచురామయ్య పెద్దగా నవ్వేశాడు. పక్కనున్నవాళ్లు తిరిగి చూశారు. నలభై మూడేళ్ల మనిషి, కొత్త సైకిలు ఎక్కిన పిల్లాడిలా ఉన్నాడు. మరుక్షణమే అతనికి చాంది గుర్తొచ్చింది. కెమెరా దించి, మిగతా మ్యాచ్ అంతా ఊరికే చూస్తూ కూర్చున్నాడు.

చాంది తల్లాడ దగ్గర ఒక తండా పిల్ల. హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదివేది. అంతకు ముందటి డిసెంబరులో భద్రాచలంలో జిల్లా స్కూళ్ల ఆటల పోటీలు జరిగాయి. లాంగ్‌జంప్‌లో చాంది మూడో ప్రయత్నంలో అయిదు మీటర్ల పన్నెండు సెంటీమీటర్లు దూకింది. అంతవరకూ జిల్లాలో ఏ ఆడపిల్లా అయిదు మీటర్లు దాటలేదు. ఆమెకు ఆట నేర్పిన పీఈటీ సీతయ్య విజిలు నోట్లోంచి తీయకుండానే చిందులేశాడు. మూడు వారాల్లో వరంగల్‌లో రాష్ట్ర జట్టు ఎంపిక. ఎంపికైతే క్రీడా హాస్టల్లో సీటు, చదువు, తిండి అన్నీ వాళ్లవే.

ఆ దూకును చెంచురామయ్య తీయలేకపోయాననుకున్నాడు. అంతకు ముందు దూకిన అమ్మాయిని తీసి పిడి తిప్పుతుండగానే చాంది పరుగు మొదలుపెట్టింది. తల వంచి చూసేసరికి ఆమె దూకే పలక దాటేసింది. నొక్కాడు గాని, ఆలస్యమైందనే అనిపించింది. పత్రికవాళ్లకు ఆ ఫోటో తప్పకుండా కావాలి. అందుకే పోటీలు ముగిసి, బహుమతుల కోసం అందరూ షామియానా వైపు వెళ్తుంటే అతను సీతయ్యను పట్టుకున్నాడు.

"సీతయ్య గారూ, ఒక్కసారి పిల్లతో దూకించండి. పేపరుకు పంపాలి."

"పొద్దటిసంది ఉరుకుతనే ఉన్నది సార్. అలిసింది. ఇసుక గుంత గూడ తొక్కుడు తొక్కుడై గట్టిపడ్డది."

"ఒక్కసారే. రికార్డు దూకు ఫోటో లేకపోతే ఎలాగండీ? రేపు ఆ పిల్లకూ పనికొస్తుంది."

సీతయ్య చాంది వైపు చూశాడు. చాంది తల ఊపింది. చెప్పుల్లేని కాళ్లతో వెనక్కి నడిచి వెళ్లి, పరిగెత్తుకుంటూ వచ్చి దూకింది. చెంచురామయ్య తీశాడు. కానీ షామియానా నీడ ఇసుక గుంతకు కుడి సగం మీద పడుతోంది. ఆమె మొహం నీడలోకి వెళ్లిపోయింది.

"ఇంకొక్కటి అమ్మా," అన్నాడతను. "ఈసారి ఎడమ పక్కకు దూకు. ఎండ మొహం మీద పడాలి."

ఎడమ పక్క గుంత అంచున ఇటుకలు పేర్చి ఉన్నాయి. అవి అతనికి కనపడ్డాయి. దూరంగానే ఉన్నాయిలే అనుకున్నాడు. చాంది మళ్లీ వెనక్కి వెళ్లింది, పరిగెత్తింది, లేచింది. చేతులు వెనక్కి విసిరి, రెండు జడలూ గాల్లో తేలుతూ, నోరు కొద్దిగా తెరుచుకుని, మొహం నిండా ఎండతో ఆమె అతని అద్దంలోకి వచ్చింది. నొక్కాడు. ఈసారి దొరికిందని ఒళ్లంతా తెలిసింది. ఆ వెంటనే ఎండు కట్టె విరిగినట్టు చిన్న చప్పుడైంది. ఎడమ పాదం ఇటుకల మీద పడి మోకాలు లోపలికి మడత పడింది. చాంది కేక విన్నాక కూడా చెంచురామయ్య చెయ్యి పిడి తిప్పింది, తర్వాతి ఫోటో కోసం.

దవాఖానాలో కట్టు కట్టారు. మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే నరం తెగిందని, నడక వస్తుందిగాని దూకుళ్లు మానుకోవాల్సిందేనని డాక్టరు చెప్పాడు. వరండాలో సీతయ్య చెంచురామయ్యను పక్కకు తీసుకెళ్లాడు.

"పోటీల పడ్డదని రాసిచ్చిన సార్. మీరు గూడ గట్లనే అనుండి. లేకపోతే నా నౌకరికే ఎసరు."

చెంచురామయ్య సరేనన్నాడు. చాంది తండ్రి వచ్చేలోపే ఇంటికి వెళ్లిపోయాడు. ఆ ఫోటో జిల్లా పేజీలో పెద్దగా పడింది. 'రికార్డు దూకులో చాంది' అని కింద రాశారు. ఆ మాట కాదని అతను పత్రికకు ఉత్తరం రాయలేదు. పైగా మార్చిలో అదే ఫోటోను హైదరాబాదులో ఒక ఛాయాచిత్రాల పోటీకి పంపాడు. ఎందుకు పంపావని ఎవరైనా అడిగి ఉంటే ఏం చెప్పేవాడో అతనికే తెలియదు. జీవితంలో తీసిన ఫోటోల్లో అదే మంచిది. అంతే.

జులైలో దానికి మొదటి బహుమతి వచ్చింది. వెనకే పత్రిక ఆటల పేజీ చూసే ఆయన ఉత్తరం వచ్చింది. నవంబరులో రాష్ట్ర స్థాయి పోటీలున్నాయి, మీరే తీయాలి, అయితే వేగంగా తీయగలిగే కెమెరా ఉంటేనే కుదురుతుంది అని. అది చదివే అతను ఖమ్మం బస్సెక్కాడు. బహుమతి డబ్బుకు ఇంట్లో దాచింది కలిపితే నికాన్ వచ్చేస్తుంది.

వాలీబాల్ మ్యాచ్ తర్వాత అయిదారు రోజులు అతను కెమెరాను బయటకు తీయడం, తుడవడం, మళ్లీ పెట్టెలో పెట్టడం తప్ప ఏమీ చేయలేదు. మధ్యాహ్నం పూట స్టూడియోలో బేరాలు లేనప్పుడు అతని భార్య నిర్మలాదేవి కిటికీ దగ్గర కూర్చుని, నెగెటివుల మీద సన్నని పెన్సిలుతో మచ్చలు సరిచేస్తుండేది. అతను తీస్తే, దాన్ని పదిమందికి చూపించదగ్గట్టు చేసేది ఆమె.

"ఈ కెమెరా అప్పుడే ఉండుంటే ఆ పిల్ల కాలు బాగుండేది," అన్నాడతను ఉన్నట్టుండి.

ఆమె పెన్సిలు ఆగింది. "అదెట్లా?"

"మూడో దూకుడుకే నాలుగైదు ఫోటోలు పడేవి. మళ్లీ దూకమని అడిగే పనే ఉండేది కాదు. ఇంకెప్పుడూ ఎవర్నీ అడగక్కర్లేదు. అందుకైనా ఇది కొనాలి నిర్మలా."

నిర్మలాదేవి లేచి బీరువా తెరిచింది. నెలల వారీగా కట్టిపెట్టిన నెగెటివుల కట్టల్లోంచి ఒక కవరు తీసి, అందులోని ముక్కను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది.

"ఇలా రండి. ఇది చూడండి."

అతను లేవలేదు. అందులో ఏముందో అతనికి తెలుసు. డిసెంబరులో ఫిల్ము కడిగిన నాడే చూశాడు. చాంది మూడో దూకు అందులో ఉంది. తప్పిపోయిందనుకున్న ఫోటో నిజానికి పడింది. ఆమె గాల్లోనే ఉంది. కాళ్ల దగ్గర కొంచెం చెదిరింది. ఒక మూల, టేపు పట్టుకుని నిలబడ్డ మనిషి మోచెయ్యి అడ్డం వచ్చింది. ఆనాడు దాన్ని చూసి, చూడనట్టు కవర్లో పెట్టేశాడు.

"మీరే చెప్తారని ఇన్నాళ్లూ ఊరుకున్నాను," అంది ఆమె.

"అది మసగ్గా ఉంది."

"మొహం తెలుస్తోంది. పేపరుకు చాలదా?"

"మోచెయ్యి అడ్డం వచ్చింది కదా."

"కత్తిరిస్తే పోయేది. రోజూ నేను చేసే పనే." ఆమె నెగెటివును మళ్లీ కవర్లో పెట్టింది. "దీన్ని ఏ కెమెరాతో తీశారు? ఆ పాతదాంతోనే కదా?"

 ఎనిమిది నెలలుగా అతను తనకు తాను చెప్పుకుంటున్నది ఒకటే మాట. కెమెరా నిదానం, అందుకే అలా జరిగింది అని. ఆ మాట పట్టుకునే నిద్రపోతున్నాడు, అన్నం తింటున్నాడు. ఆ సంగతి ఆమెకు ముందునుంచీ తెలుసన్నమాట.

"అయితే కొనొద్దంటావా?"

"నేనెందుకంటాను? మీ పని అది. మీకు ఇష్టమైతే కొనండి." ఆమె మళ్లీ కిటికీ దగ్గర కూర్చుంది. "ఆ పిల్ల పేరు చెప్పి మాత్రం కొనకండి."

మర్నాడు ఆదివారం. చెంచురామయ్య కొత్తగూడెం మీదుగా తల్లాడ వెళ్లే బస్సెక్కాడు. అక్కడ దిగి, మిరప నారుమళ్ల పక్కన బండ్ల బాటలో రెండు కిలోమీటర్లు నడిస్తే చాంది వాళ్ల తండా. రాత్రి వాన పడింది. చెప్పులకు బంకమన్ను అంటుకుని అడుగడుక్కీ బరువెక్కాయి. ఏం చెప్పాలో దారి పొడవునా అనుకుంటూ నడిచాడు.

ఇంటి ముందు చాంది తల్లి గోరి, చేటలో బియ్యం చెరుగుతోంది. తండ్రి భద్రు నాగలికి తాడు బిగిస్తున్నాడు. కొత్త మనిషిని చూసి లేచి నిలబడ్డాడు. లోపల్నుంచి చాంది వచ్చింది. ఎడమ కాలు కొద్దిగా ఈడుస్తూ నడుస్తోంది. అతన్ని చూసి గడపలోనే ఆగిపోయింది.

"ఫోటో సార్," అంది తండ్రితో.

భద్రు మొహం వెలిగింది. "నువ్వేనా సారూ! రా, కూసో. చాయ్ పెట్టుమను." నులకమంచం వాల్చాడు. "మా తండల పేపర్ల పడ్డది మా చాంది ఒక్కతే. అగో, చూడు."

లోపలి గోడకు, గింజల గుమ్మి పైన, పత్రిక ముక్క గంజితో అతికించి ఉంది. పచ్చబడిపోయింది. జడలు గాల్లో, మొహం మీద ఎండ.

"కాలు పోయింది గని పేరు మిగిలింది సారూ," అన్నాడు భద్రు. "ఆట అన్నంక దెబ్బలు తగులుతయ్. గెలిసి పడ్డది నా బిడ్డ."

చాంది చాయ్ గ్లాసు తెచ్చి ఇచ్చింది. అతను దాన్ని తాగలేక పక్కన పెట్టాడు.

"భద్రన్నా, ఆ ఫోటో పోటీలో తీసింది కాదు."

"ఏంది?"

"పోటీ అయిపోయింది. చాంది గెలిచేసింది. ఆ తర్వాత నేను మళ్లీ దూకమన్నాను. పేపరు కోసం. ఒకసారి దూకింది. బాగా రాలేదని ఇంకోసారి దూకమన్నాను. ఎడమ పక్కకు దూకమన్నది కూడా నేనే. అప్పుడు పడింది."

భద్రు అతనికి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. "పోటీల పడ్డదని సీతయ్య సారు చెప్పిండు. ఇది గూడ గట్లనే చెప్పింది."

"అది నిజం కాదు."

"ఫోటో కోసమా?"

"అవును."

భద్రు కూతురి వైపు తిరిగి తమ భాషలో ఏదో అడిగాడు. ఆమె తల వంచుకుని రెండు ముక్కల్లో జవాబిచ్చింది. గోరి చేతిలోని చేట కింద పెట్టేసింది. భద్రు గొంతు పెంచలేదు. చెంచురామయ్య తిట్లకు, దెబ్బలకు కూడా సిద్ధపడే వచ్చాడు. అవేవీ రాలేదు.

"ఆటలని నమ్మి పంపిన సారూ," అన్నాడు చివరికి. "ఆడపిల్లను గింత దూరం పంపుతవా అని తండ తండంత అన్నది. ఇనలే. ఇగ బాలిని పంప. ఇంటికాన్నే ఉంటది." లేచి, తాడు భుజాన వేసుకుని ఎద్దుల కొట్టం వైపు వెళ్లిపోయాడు.

బాలి చాంది చెల్లెలు. ఎనిమిదో తరగతి. ఆమె కూడా సీతయ్య దగ్గరే పరుగు నేర్చుకుంటోందని, రెండు వారాల్లో మొదటి పోటీకి వెళ్లాల్సి ఉందని చెంచురామయ్యకు అప్పుడే తెలిసింది. చెప్పింది చాందే, బాట దాకా అతని వెనక వచ్చి.

"ఎందుకొచ్చిన్రు సార్?" అని ఆమె అడిగింది.  గొంతులో ఏడుపు లేదు, కోపమే ఉంది.

"చెప్పకుండా ఉండలేకపోయానమ్మా."

"ఎనిమిది నెల్లు ఉన్నరు గద."

ఆమె బాటకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"నాకెరుక లేదా అది ఏ దూకుడో? దూకింది నేను గద. మా నాయన గిట్ల అంటడనే చెప్పలే. ఆటల పడ్డ అన్న. గందుకే బాలిని హాస్టల్ల ఉంచిండు. ఇప్పుడు మీరొచ్చి చెప్పిన్రు. మీ పానం తేలికైంది. దాని ఆట పోయింది."

"మీ నాన్నతో మళ్లీ మాట్లాడతాను."

"ఒద్దు. మీరేం మాట్లాడకుండ్రి."

ఆమె వెనక్కి తిరిగింది. నాలుగడుగులు వేసి ఆగింది.

"నాకు గూడ ఫోటో కావాల్ననే ఉండె సార్. అబద్ధం ఎందుకు. పేపర్ల పడ్తనని ఉరికిన. గని ఇటికెలు మీకు కనపడలేదా?"

"కనపడ్డాయి," అన్నాడు చెంచురామయ్య.

ఆమె ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయింది. తండా వైపు ఎక్కే బాటలో ఆమె కాలు బురదలో కూరుకుపోయినప్పుడల్లా ఆగి, చేత్తో మోకాలు పట్టుకుని లేపుకుంటూ నడిచింది. అతను వెళ్లి చెయ్యి పట్టుకోలేడు, చూడకుండా వెళ్లిపోనూ లేడు. ఆమె ఇల్లు చేరేదాకా అక్కడే నిలబడ్డాడు.

చెప్పేస్తే గుండె బరువు దిగుతుందనుకుని వచ్చాడు. తిరుగు బస్సులో అది రెండింతలైంది. ఒక పిల్ల ఆట తన కోరిక వల్ల పోయింది. రెండో పిల్ల ఆట, ఆ కోరిక సంగతి చెప్పుకోవాలన్న ఇంకో కోరిక వల్ల పోయింది. అడిగేటప్పుడు చాంది గురించి ఆలోచించలేదు. చెప్పేటప్పుడూ ఆలోచించలేదు. రెండుసార్లూ తన అవసరమే ముందుకొచ్చింది.

ఇంటికెళ్లి ఛాయాచిత్రాల పోటీ పెట్టిన సంఘానికి ఉత్తరం రాశాడు. ఆ ఫోటో అసలు ఆటల పోటీలో తీసింది కాదని, తర్వాత అడిగి దూకించినదని, ఆ దూకులోనే పిల్ల దెబ్బతిన్నదని రాశాడు. సీతయ్య పేరు ఎక్కడా రానివ్వలేదు. బహుమతి సొమ్మూ, ప్రశంసాపత్రమూ తిప్పి పంపాడు. పత్రికకూ అదే రాశాడు. సంఘంవాళ్లు అందినట్టు రెండు వాక్యాల జవాబిచ్చారు. పత్రిక లోపలి పేజీలో చిన్న సవరణ వేసింది. ఆటల పేజీ ఆయన దగ్గర్నుంచి మళ్లీ ఉత్తరం రాలేదు. సవరణ చూసి సీతయ్య స్టూడియోకు వచ్చాడు.

"పేరు రాయలే, సరే. గని అందరికెరుకే గద సార్, పీఈటీని నేనేనని. నన్ను అడగకుండ ఎట్ల రాసిన్రు?" అన్నాడు. చాలాసేపు తిట్టాడు. నిర్మలాదేవి ఇచ్చిన మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

ఈలోగా పదిహేనో రోజున చెంచురామయ్య నికాన్‌ను అదే తువ్వాలులో చుట్టి ఖమ్మం తీసుకెళ్లాడు. వెంకటరామారావు గారు చేతులతో తడుముతూ మూత, లెన్సు, మోటారు అన్నీ ఉన్నాయని చూసుకున్నారు.

"నచ్చలేదా?"

"నచ్చిందండీ. అంత మంచిదాన్ని నేనెప్పుడూ పట్టుకోలేదు." జరిగినదంతా చెప్పాడు.

పెద్దాయన తువ్వాలు మడత పెట్టి పక్కన ఉంచారు. "నేనూ అడిగానయ్యా, ఎన్నోసార్లు," అన్నారు నెమ్మదిగా. "ఇంకోసారి పరిగెత్తు బాబూ, ఇంకోసారి కప్పు ఎత్తు తల్లీ అని. ఎవరికీ ఏమీ కాలేదు. నా గొప్పేమీ లేదు అందులో. ఇంతకీ నువ్వు ఇది కొనకపోతే ఆ పిల్ల కాలు బాగవుతుందా?"

"కాదండీ."

"మరి? పని తెలిసినవాడివి. నీ దగ్గరుంటే దీనికీ విలువ."

"దీన్ని పట్టుకుంటే నాకు సంతోషంగా ఉందండీ. ఆ సంతోషం పడుతూ మైదానంలో నిలబడలేను. ఇంకో అయిదేళ్లకు నిలబడగలనేమో. అప్పటిదాకా మీరు ఆగలేరు కదా."

వెంకటరామారావు గారు బలవంతపెట్టలేదు. ఆ నెలాఖరుకే కెమెరా హైదరాబాదు వెళ్లిపోయింది.

ఆ ఏడు ఆటల పోటీలకు బాలి రాలేదు. చెంచురామయ్య కూడా వెళ్లలేదు. డిసెంబరు వచ్చేసరికి ఏటి అవతల భద్రాచలం వైపునుంచి గాలి మీద మైకు చప్పుడు వినపడుతుంటే స్టూడియో తలుపులు దగ్గరగా వేసుకుని పెళ్లి ఆల్బములు అతికిస్తూ కూర్చున్నాడు. పేర్లు పిలవడం, చప్పట్లు, విజిళ్లు అన్నీ వినపడుతూనే ఉన్నాయి. నిర్మలాదేవి ఒకసారి, "పోనీ, ఊరికే చూసి రాకూడదూ," అంది. వద్దన్నాడు. సీతయ్య తండాకు మూడుసార్లు వెళ్లి భద్రును బతిమాలాడని తర్వాత ఎవరో చెప్పారు. ఆ పని తను చేయాల్సింది. చేయొద్దని చాంది చెప్పింది కాబట్టి చేయలేదు. అది ఆమె మాటకు ఇచ్చిన మర్యాదో, మళ్లీ వెళ్లే ధైర్యం లేకో, అతనికే స్పష్టంగా తెలియదు.

1990 జనవరిలో ఒక మధ్యాహ్నం చాంది స్టూడియోకు వచ్చింది. పదో తరగతి పాసై, భద్రాచలంలో ఇంటర్‌లో చేరిందట. స్కాలర్‌షిప్ ఫారానికి ఫోటోలు కావాలంది. భద్రాచలంలో నాలుగు స్టూడియోలున్నాయి. వంతెన దాటి ఇక్కడిదాకా ఎందుకొచ్చావని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

బల్ల మీద కూర్చోబెట్టి లైట్లు వేశాడు.  ఆమె కెమెరాలోకి సూటిగా చూసింది.

"బాలి ఎలా ఉందమ్మా?" అన్నాడు.

"పోయిన నెల ఖమ్మంల ఉరికింది సార్. సీతయ్య సారు తీస్కపోయిండు. మా నాయన గూడ పోయిండు. గ్రౌండ్ల ఎవ్వల్ని దగ్గరికి రానియ్యలే."

"ఫస్టు వచ్చిందా?"

"లే. నాలుగోది." కాస్త ఆగి, "ఒక ఏడు పోయింది గద," అంది.

అతను తల ఊపాడు. ఆమె ఆ మాట నిష్ఠూరంగా అనలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. అలా చెప్పినందుకే అది లోపలికి దిగింది.

ఫోటో తీశాక, మూడు రోజుల్లో వచ్చి తీసుకెళ్లమని నిర్మలాదేవి రసీదు రాసింది. డబ్బు వద్దని చెంచురామయ్య అన్నాడు. చాంది వినలేదు. నోటు బల్ల మీద పెట్టి, చిల్లర లెక్క చూసుకుని తీసుకుంది.

"కాలు ఎలా ఉంది?" అని అతను అడిగాడు. రెండేళ్లలో మొదటిసారి ఆ మాట అడగడం.

"చలికి గుంజుతది సార్. గట్లనే ఉంటదట."

స్టూడియోకు రోడ్డు మీదికి దిగడానికి అయిదు మెట్లున్నాయి. పన్నెండేళ్లుగా అతను వాటిని లెక్కపెట్టలేదు. చాంది గోడ పట్టుకుని, ముందు ఎడమ కాలు దించి, దాని పక్కకు కుడి కాలు చేర్చి, ఒక్కొక్క మెట్టూ దిగుతోంది. సాయం పట్టబోయిన నిర్మలాదేవిని, "నేను దిగుత అక్కా," అని ఆపింది. చెంచురామయ్య తలుపు దగ్గర నిలబడి ఆ అయిదు మెట్లూ చూశాడు. కిందికి దిగాక ఆమె చున్నీ సర్దుకుని, వెదురు లారీ ఒకటి పోయేదాకా ఆగి, రోడ్డు దాటి వంతెన వైపు నడిచింది.